ఖాళీ తట్టలు

ఈ నెల ఒక ఫొటోను గూర్చి వ్రాస్తున్నాను.

అది 1943 ఏప్రిల్‌లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, క్లింటన్ అనే ఊరిలో తీసినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలం. మగవారు సైన్యంలోనికి వెళ్లిపోగా, రైలు ఇంజన్లు కడిగి తుడిచే పనికి స్త్రీలు వచ్చారు. తలకు గుడ్డ కట్టుకొని, పని దుస్తులతోనే షెడ్డులోని గదిలో బల్ల చుట్టూ కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తున్నారు. అంతే. ఎంతసేపు చూశానో!

తీసినవాడు జాక్ డెలానో, ప్రభుత్వ యుద్ధ సమాచార శాఖవారి ఫొటోగ్రాఫరు. అదే శాఖకు చెందిన ఆల్ఫ్రెడ్ పామర్ 1942లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ విమానాల ఫ్యాక్టరీలో తీసిన రంగుల ఫొటోలూ ఉన్నాయి. అక్కడి స్త్రీలు పెదవులకు రంగుతో, లైట్ల వెలుగులో మెరిసిపోతారు. అవి అబద్ధమని నేననను. అయితే ఇంకా అనేకమంది స్త్రీలను ఫ్యాక్టరీలకు రప్పించాలని ప్రభుత్వం ఆశించింది. డెలానో కూడా ఆ జీతగాడే, అది మరువరాదు. అయినా ఆయన వారిని అన్నం తిననిచ్చాడు. ఇంజన్లు తుడిచే ఒకామె ఫొటో క్రింద ఆమె పేరు, పని, ముగ్గురు పిల్లల తల్లి అనే సంగతి వ్రాసి ఉన్నాయి. 1945లో యుద్ధం ముగిసి మగవారు తిరిగి రాగానే ఇటువంటి పనుల నుండి ఎందరో స్త్రీలను ఇంటికి పంపివేశారు. ఫొటోలు మిగిలాయి.

అవి చూచినప్పుడు నా తప్పు ఒకటి జ్ఞాపకమొచ్చింది. మా మందిరానికి స్లాబు వేసిన రోజున సంఘ స్త్రీలు ప్రొద్దుటి నుండి దీపాలు పెట్టే వేళ వరకు తట్టలతో కాంక్రీటు అందించారు. ఆ హడావిడిలో ఫొటో తీయలేదు. సహాయం చేసినవారికి రిపోర్టు పంపాలి గదా! ఆదివారం ఆరాధన తరువాత వారినే తెల్లచీరలతో వరుసగా నిలబెట్టి, చేతికి తట్టలిచ్చి, "కొంచెం నవ్వండమ్మా" అన్నాను.

"ఖాళీ తట్టతో నిలబడాలంటే సిగ్గేస్తోందయ్యగారూ" అన్నది ఒక పెద్దావిడ.

అయినా తీశాను. 'సంఘ స్త్రీల శ్రమదానం' అని క్రింద వ్రాసి పంపాను. ఒక్కరి పేరైనా వ్రాయలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు భక్తుడు ప్రయాసపడిన మరియకు, పెర్సిసుకు పేరుపెట్టి వందనాలు చెప్పాడని ఎన్నిసార్లు ప్రసంగించానో!

మొన్న నోటు పుస్తకం పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, ఆ రోజు వచ్చినవారి పేర్లు వ్రాసుకొన్నాను. ఇద్దరు ప్రభువునందు నిద్రించారు. వారి పేర్లు పిల్లలు చెప్పారు. ఆ పెద్దావిడ మాత్రం, "ఆ రోజు మిరపకాయల కోత కూలి వదులుకొని వచ్చాను, అది కూడా రాయండయ్యగారూ" అన్నది.

వ్రాశాను.