నార్మల్ రిపోర్టు

మా ఆవిడది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అని విశాఖలో తేల్చారు. రోజూ రెండు పూటలా వేసుకోమని డైమిథైల్ ఫ్యూమరేట్ రాశారు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి ఎమ్మారై చేయించమని చీటీ కిందే ఉంది. మేముండేది పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ వైపు. రక్తకణాల లెక్క మా ఊళ్లోనే, పొద్దున ఇస్తే సాయంత్రానికి వస్తుంది. అంత చిన్న పరీక్షతో ఏం తెలుస్తుందిలే అని దాన్ని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

ఈలోగా పెళ్లికని మెయిన్‌ల్యాండ్ వెళ్లాం. పనిలో పనిగా అక్కడో ల్యాబులో నెర్వ్ కండక్షన్ టెస్టు చేయించాను. నరాల జబ్బుకి నరాల పరీక్ష కంటే ఏం కావాలి అనుకున్నాను. చేతులకీ కాళ్లకీ చిన్న చిన్న షాకులు పెడుతుంటే ఆవిడ పళ్లు బిగబట్టి కూర్చుంది. రిపోర్టు అంతా నార్మల్. మందు పనిచేస్తోందని సంబరపడ్డాను. ఆ ధీమాతో ఎమ్మారై కూడా పక్కన పెట్టేశాను.

తర్వాత డాక్టరుగారి ముందు ఆ రిపోర్టే గొప్పగా పెట్టాను.

"ఇదెవరు రాశారండీ?"

"నేనే అడిగి చేయించానండీ."

ఆయన కోప్పడలేదు. ఈ జబ్బు మెదడునీ, వెన్నుపామునీ, కంటి నరాన్నీ పట్టుకుంటుంది, అక్కడి నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది అన్నారు. నేను చేయించింది వెన్ను దాటి బయటికొచ్చాక చేతులకీ కాళ్లకీ పోయే నరాలకి. షుగరు వల్ల వచ్చే తిమ్మిర్లకో, గిలియన్ బారే అనే నరాల జబ్బుకో అది పనికొస్తుంది. ఎమ్మెస్ ఎంత ముదిరినా అందులో నార్మలే రావచ్చు. 2020లో చెన్నై నుంచి మాకు సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వేశారు కదా. అది తెగితే ఇంట్లో మోడెం వైరు పట్టుకుని చూసినట్టుంది నా తెలివి.

కంటి ముందు నలుపు తెలుపు గళ్లు మారుస్తూ, ఆ సంకేతం మెదడు వెనక భాగానికి ఎంతసేపట్లో చేరిందో కొలిచే పరీక్ష వేరే ఉంది. మామూలుగా 100 మిల్లీసెకన్ల అటూ ఇటూ పడుతుంది, పొర దెబ్బతింటే ఆలస్యమవుతుంది. అది కూడా జబ్బు గుర్తించడానికే ఎక్కువ ఉపయోగమట. మందు సంగతి తేల్చేది ఎమ్మారై, డాక్టరు చేసే పరీక్ష. మందు చేసే హాని బయటపడేది రక్తంలో.

ఆ రోజే రక్తం తీయించారు. లింఫోసైట్లు అనే రక్తకణాలు 500 కంటే కిందికి పడిపోయి ఉన్నాయి. ఆ స్థాయిలో చాలాకాలం ఉంటే మెదడుకి అరుదైన, ప్రాణాంతకమైన వైరస్ జబ్బు రావచ్చు. ఎప్పటి నుంచి తగ్గాయో చెప్పడానికి పాత లెక్కలు మా దగ్గర లేవు. మందు ఆపించారు. ఎమ్మారైలో కొత్త మచ్చలు రెండు కనిపించాయి. ఆవిడకి బయటికి ఏమీ తెలియలేదు.

ఇప్పుడు మందు మారింది. రక్తపరీక్ష తారీకులు ఆవిడే క్యాలెండర్ మీద రాసుకుంటోంది, నన్ను అడగడం మానేసింది.