చింత దించిన కొండ

తూర్పున వెలుగు రేకలు ఇంకా విచ్చుకోలేదు. ఒంగోలు పక్కనున్న కొండను అయిదుగురు ఎక్కుతున్నారు. అది 1854 జనవరి 1. ముందు నడుస్తున్నది అమెరికా బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్. వెంట ఆయన భార్య యుఫీమియా, జూలియా సహా ముగ్గురు తెలుగు విశ్వాసులు.

కొత్త సంవత్సరమన్న మాటే గానీ, వాళ్లు సంతోషించడానికి పెద్దగా ఏమీ లేదు. 1836లో మొదలై, 1840లో నెల్లూరు చేరిన తెలుగు మిషన్‌లో విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఖర్చే తప్ప ఫలితం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించారు కూడా. పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కలా మిగలడంతో దీనికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు పడింది.

రేపు ఏమవుతుందో తెలియని ఆ అయిదుగురూ కొండ మీద మోకరించారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. పొద్దు పొడిచాక జూయెట్ కింద నాగజెముడు పొదలు కమ్మిన ఓ మెరకను చూపించి, అక్కడ మిషన్ బంగళా ఉంటే ఎంత బాగుంటుందో అన్నారట. తర్వాత ఆ స్థలమే మిషన్ చేతికొచ్చింది. ఈ కొండకు 'ప్రేయర్ మీటింగ్ హిల్' అన్న పేరు నిలిచిపోయింది.

అయితే కొండ దిగగానే అద్భుతమేమీ జరగలేదు! 1862లో జబ్బుపడి స్వదేశం వెళ్లిన జూయెట్‌కు మళ్లీ అదే మాట ఎదురైంది... మిషన్ మూసేద్దామని. ఎవరూ రాకపోయినా తానొక్కడే వెళ్లి తెలుగువాళ్ల మధ్యే చనిపోతానని ఆయన తేల్చిచెప్పారు. పెద్దలు మెత్తబడ్డారు. 1865లో జూయెట్‌తోపాటు జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడు వచ్చాడు. ఒంగోలు సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న. ఆ కొండ మీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్లకు! అప్పుడైనా సభ్యులు ఎనిమిది మందే.

ఆపైన పల్లెల్లోంచి, ముఖ్యంగా మాదిగపల్లెల్లోంచి జనం కదిలారు. చెప్పులు కుట్టుకునే యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లే ఊరూరా తిరిగి సువార్త చెప్పారు.

అసలు పరీక్ష 1876-78 కరవు. తిండి లేదు, పని లేదు. క్లౌ ఒకప్పుడు అమెరికాలో సర్వే పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం గడ్డపార పక్కన పెట్టి కూర్చున్నవాళ్లకు, భారం మోసేవారికి విశ్రాంతినిస్తానన్న క్రీస్తు పిలుపును చెప్పేవారు. తట్టలకొద్దీ మన్ను మోసేవాళ్లకు ఆ మాట అర్థం కావడానికి పెద్ద వివరణ ఎందుకు?

బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి కోసం, గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరవు సాయం సాగినన్నాళ్లూ ఎవరికీ ఇవ్వలేదు. సంఖ్య పెరగాలన్న ఆత్రాన్నీ ఆయన అలా పక్కన పెట్టాడు. సాయం ఆగిపోయాక కూడా జనం తగ్గలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చింత మానడమంటే చేతులు ముడుచుకోవడం కాదని ఈ కథ చెబుతుంది. రేపటి దిగులు దేవుడికి వదిలి, ఇవాళ్టి పని భుజాన వేసుకోవడం. కొండ మీద ఉన్నది ఆ ఒక్క ఉదయమే. మిగతా ఏళ్లన్నీ గడిచింది కింది దారుల్లోనే.

చెన్నై-విజయవాడ రైలు మార్గంలో, జాతీయ రహదారి మీద ఉన్న ఒంగోలు చేరుకోవడం సులువే. ఎండ ముదరకముందే, తెల్లవారుజామున కొండ ఎక్కితే మంచిది. పైనుంచి చూస్తే ఇప్పుడు కనిపించేది నాగజెముడు పొదలు కాదు, ఇళ్లతో కిక్కిరిసిన పట్టణం. దిగులేదైనా ఉంటే కాసేపు అక్కడ దించుకుని, కిందికి దిగి ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లొచ్చు... ఆ అయిదుగురిలాగే!