ఎదుట లేనివారి సభ

పల్నాటివారికి సభ క్రొత్త గాదు. ఊరూర రచ్చబండ కలదు. పల్నాటి వీరుల కథలో అలరాజు రాయబారము కలదు. ఆ కాలమున ఒకరి మాట వేరొకరికి చేరవలెనన్నచో మనుష్యుడు పోవలసినదే. పోయినవాడు తిరిగివచ్చునన్న నమ్మకము లేదు. అలరాజు తిరిగి రాలేదు.

నేడు మాట చేరుటకు మనుష్యుడు పోనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. మాచర్ల అచ్చటికి 70 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. అయినను వీడియో సమావేశమున నరసరావుపేట, గురజాల, మాచర్లలలోని వారు ఒకే వేళ ఒకరినొకరు చూచుచు మాటాడుకొనగలరు. ఈ పద్ధతి రాష్ట్రమునకు నిన్న మొన్నటిది కాదు. 1990 దశకము చివరనే నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు జిల్లా కలెక్టర్లతో ఇట్టి సమావేశములు జరిపిరి.

ఇందుకై అమర్చిన గదిలో గోడకు పెద్ద తెర, దానిమీద కెమేరా, బల్లపై మైకులు, ప్రక్కల స్పీకర్లు ఉండును. యంత్రము బొమ్మనంతటిని మాటిమాటికి పంపదు. మారిన భాగమునే ఎక్కువగా పంపును. మాటాడువాని పెదవులు కదలును గాని, వెనుకనున్న గోడ కదలదు గదా! స్పీకరు ధ్వని మరల మైకులో దూరినచో, మాటాడినవానికి తన మాటయే ప్రతిధ్వనిగా వినవచ్చును. యంత్రము దానిని గుర్తించి తీసివేయును.

పదిమంది ఒక్కసారి పలికినచో మాత్రము ఎవరి మాటయు తెలియదు. అందుచే సభ నడుపువాని చేతికి ఇతరుల మైకులను ఆపు మీట ఈయబడినది.

గురజాల చెంత పల్లెనుండి ఒక అవ్వ, ఆగిన పింఛను గూర్చి చెప్పుకొనుటకై, కూలి మానుకొని వచ్చి మండల కార్యాలయమున తెరయెదుట కూర్చున్నదని ఊహింపుడు. ఆమె నెమ్మదిగా మాటాడును. నడుమ నడుమ ఆగును. మాట ఆవలికి క్షణమాలస్యముగా చేరును. ఆమె ముగించినదనుకొని సభ నడుపువాడు మీట నొక్కి, వేరొకరిని పిలిచెను. తెరమీద ఆమె పెదవులు కదలుచునే యున్నవి. ఆ మీటసంగతి ఆమె యెరుగదు. తన కష్టము చెప్పుకొంటినన్న తృప్తితో ఇల్లు చేరినది. విన్నవారు లేరు.

కావున సభ నడుప నేర్చినవాడు ముందుగా పేర్లు వ్రాసికొనును. ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలుచును. మాట ఆగిన పిదప రెండు క్షణములు వేచియుండును. విన్నదానిని తిరిగి చెప్పి, సరియేనా యని అడుగును. మీటపై చేయి వేయుటకు ముందు, "ఇంకేమైన చెప్పవలసి యున్నదా, అవ్వా?" అని అడిగి, ఆమె బదులు పలుకువరకు తెరవైపే చూచుచుండును.