ఏ సంతకం ఎవరిది: ఖరగ్‌పూర్ డైరీ, 2024

మే 19, ఆదివారం

గోల్‌బజార్ నుంచి వస్తుంటే ప్రచారం ఆటో పక్కనుంచి నెమ్మదిగా పోయింది. ముందు బెంగాలీ, తర్వాత హిందీ, చివర్న తెలుగు. తెలుగు ముక్క చదివినాయన శ్రీకాకుళం యాసలోంచి పుస్తకభాషలోకి ఎక్కబోయి మధ్యలోనే జారిపోయాడు. అయినా చెవికి బాగానే ఉంది.

హామీలు మూడు: కాలవలు, వీధి దీపాలు, మంచినీళ్లు. జరుగుతున్నవి పార్లమెంటు ఎన్నికలు! ఈ మూడూ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు మునిసిపాలిటీకి అప్పగించదగ్గవిగా చెప్పిన పనులు. 74వ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఆ జాబితా అలాగే ఉంది. ఎం.పీ. దీపం వేయించకూడదని కాదు. ఏడాదికి 5 కోట్ల నిధి ఉంది, పని సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. కానీ మన మేదినీపూర్ లోక్‌సభ స్థానమంటే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. పంచితే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర. అందులోంచి మన ఊరు, అందులోంచి మన వీధి.

ఎం.పీ. అసలు పని ఆటో మైకులో వినపడలేదు. రైల్వే కేంద్రం సొత్తు. లోక్‌సభలో లేచి ఈ ఊరి రైల్వే గురించి మంత్రిని నిలదీసే హక్కు, మనం ఓటేసినవాళ్లలో ఆ ఒక్కరికే ఉంది. ఆ ముక్క ఏ భాషలోనూ చదవలేదు.

మే 25, శనివారం

పోలింగు. లైన్లో నా ముందు మా వీధి మామ్మ. వేలికి సిరా పెట్టించుకుని బయటికొచ్చి అడిగింది: "ఈ పాలి గెలిసినోలు మన కాలవ తీయిత్తారా బాబూ?"

"అది కౌన్సిలర్ పని మామ్మా."

"ఆయన్ని అడిగితే రేల్వేదంతాడు. రేల్వేవోల్ని అడిగితే మీ కౌన్సిలర్ లేడా అంతారు. మరి నానెవులికి ఏసినట్టు ఓటు?"

ఎండ మండిపోతోంది. జవాబు చెప్పకుండా గొడుగు పట్టాను.

మే 28, మంగళవారం

రెమాల్ తుఫాను బెంగాల్, బంగ్లాదేశ్ తీరం దాటింది. దాని వాన ఇక్కడికీ వచ్చింది. మామ్మ కాలవ పొంగింది. కుర్రాళ్లు గునపాలు పట్టుకుని వాళ్లే తోడేశారు.

కాలవ ఎవరిదో తేల్చాలంటే నేల ఎవరిదో తేల్చాలి. ఈ ఊరు బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టుకున్న ఊరు. బీఎన్ఆర్ వర్క్‌షాపు ముందు, బజారు తర్వాత, మునిసిపాలిటీ ఎప్పటికో 1954లో. మథురాకాటి, నీంపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్... మన తెలుగువాళ్లు తరతరాలుగా కాపురమున్నవన్నీ రైల్వే పేటలే. ఇప్పుడు మునిసిపాలిటీలో 35 వార్డులు. వాటిలో కొన్ని రైల్వే స్థలంలో ఉన్నాయి. అక్కడివాళ్లకి కౌన్సిలర్ ఉన్నారు, ఓటు ఉంది. నేల మాత్రం మునిసిపాలిటీది కాదు. రోడ్డు తవ్వాలన్నా పైపు వెయ్యాలన్నా రైల్వే అనుమతి కావాలి.

దీని వెనక ఇంకో ముడి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్రప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ పన్ను వెయ్యకూడదంటుంది. ఆస్తిపన్ను మునిసిపాలిటీకి మూలాధారం. ఖరీదాలోనో మలంచాలోనో సొంతిల్లు ఉన్నవాడు పన్ను రసీదు చూపించి గట్టిగా అడగగలడు. రైల్వే క్వార్టర్లో ఉన్నవాడి చేతిలో ఆ రసీదు ఉండదు. రైల్వే వార్డు కౌన్సిలర్‌కి జనం ఉన్నారు, మీద నమ్మకం ఉంది, కింద నేల లేదు, పెట్టెలో పన్ను లేదు. ఆ కుర్చీ మీద కోపం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది నాకు. అయితే ఎన్నికలప్పుడు ఈ సంగతి తెలిసి కూడా "అన్నీ నేను చేస్తాను" అన్నారు చూడండి, అక్కడ జాలి ఆగిపోతుంది.

జూన్ 2, ఆదివారం

బహానగా రైలు ప్రమాదం జరిగి ఏడాది. అది మన ఖరగ్‌పూర్ డివిజనే. కోరమండల్ అంటే ఇటు బెంగాల్‌కీ అటు మన ఆంధ్రకీ మధ్య మనవాళ్లు తిరిగే బండి కదా, ఆ రాత్రి ఈ పేటల్లో ఎవరూ నిద్రపోలేదు.

జూన్ 4, మంగళవారం

జూన్ మాలియా గెలిచారు, తృణమూల్. నటి. మేదినీపూర్ ఎమ్మెల్యేగా ఉంటూనే పోటీ చేశారు. పదేళ్ల కిందట ఇదే స్థానంలో సంధ్యా రాయ్, ఆవిడా నటే. అంతకుముందు చాలాకాలం ఎర్రజెండా. ఇంద్రజిత్ గుప్తా ఇక్కడి ఎం.పీ.గా ఉండగానే దేశానికి హోం మంత్రి అయ్యారు.

మన ఖరగ్‌పూర్ సదర్ ఎమ్మెల్యే హిరణ్ చటర్జీ, భాజపా. ఆయనా నటుడే. ఈసారి ఘాటాల్లో పార్లమెంటుకి నిలబడి దేవ్ చేతిలో ఓడారు. దేవ్ కూడా హీరో, ఇక చెప్పేదేముంది. 2021లో ఎమ్మెల్యే అయిన హిరణ్, 2022 మునిసిపల్ ఎన్నికల్లో 33వ వార్డు నుంచి కౌన్సిలర్‌గానూ గెలిచారు. అంటే ఈ వేసవిలో ఒకే మనిషి కౌన్సిలర్, ఎమ్మెల్యే, ఎం.పీ. అభ్యర్థి. ఆయన కంటే ముందు ప్రదీప్ సర్కార్. మునిసిపల్ చైర్మన్‌గా ఉంటూ 2019 ఉపఎన్నికలో ఎమ్మెల్యే అయ్యారు. ఆ ఉపఎన్నిక ఎందుకొచ్చింది? ఎమ్మెల్యే దిలీప్ ఘోష్ ఎం.పీ. అయ్యారు కనక.

ఇలా ఒకే మనిషి రెండు మూడు కుర్చీల్లో కనబడితే, ఏ పని ఏ కుర్చీదో జనానికి ఎలా తెలుస్తుంది? మామ్మ తప్పేం లేదు.

జూన్ 10, సోమవారం

కొత్త మంత్రివర్గంలోనూ రైల్వే అశ్వినీ వైష్ణవ్‌దే. ఆయన రాజ్యసభ సభ్యుడు. ఒడిశా అసెంబ్లీ నుంచి ఎన్నికయ్యారు, 2019లో ఒకసారి, ఈ ఫిబ్రవరిలో మళ్లీ, రెండుసార్లూ పోటీ లేకుండానే.

ఈ మాట కాయితం మీద పెట్టాక నాకే వింతగా ఉంది. మా వీధి కాలవ రైల్వే నేల మీద ఉంది. దాని మీద అధికారం డివిజనల్ రైల్వే మేనేజర్‌ది, ఆయన ప్రభుత్వ ఉద్యోగి. ఆయన పైన గార్డెన్‌రీచ్‌లో జనరల్ మేనేజర్, ఆయనా ఉద్యోగే. ఆ పైన రైల్వే బోర్డు. అందరి పైనా మంత్రి. ఈ నిచ్చెనలో ఎన్నిక దారిలో వచ్చిన మనిషి ఒక్కరే, ఆ ఎన్నిక భువనేశ్వర్ అసెంబ్లీది, మాది కాదు. మేం కౌన్సిలర్‌కి వేశాం, ఎమ్మెల్యేకి వేశాం, ఎం.పీ.కి వేశాం. కాలవ తీసే చేతికి మా ఓటు తగిలే దారి ఒక్కటే, ఎం.పీ. నోరు.

జూలై 8, సోమవారం

పక్కింటి పిన్ని కొడుక్కి రెసిడెన్షియల్ సర్టిఫికెట్ కావాలంటే కౌన్సిలర్ ఆఫీసుకి తోడెళ్లాను. పావుగంటలో సంతకం, ముద్ర, ఒక కప్పు లాల్ చా. జనన మరణాల నమోదు, ట్రేడ్ లైసెన్సు, ఇంటి ప్లాను మునిసిపాలిటీవి. ఫలానావాడు ఈ వార్డువాడేనని చెప్పడం కౌన్సిలర్ మాట. చిన్న పని అనుకుంటాం గానీ అద్దె ఇళ్ల జనానికి ఆ కాయితమే గుర్తింపు.

బయట ఒకాయన చైర్మన్ని తిడుతున్నాడు, "ఓట్లేసి గెలిపించాం" అని. చైర్మన్‌కి మనం ఓటెయ్యం. కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. 2022 నాటి బోర్డులో మధ్యలోనే చైర్మన్ మారారు, మనల్ని ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు కూడా. చట్టం అంతే.

ఇంకో తికమక. "ఖరగ్‌పూర్ ఎమ్మెల్యే" ఇద్దరు. ఖరగ్‌పూర్ సదర్ అని పట్టణానికొకరు, ఉత్త ఖరగ్‌పూర్ అని పల్లె ప్రాంతానికొకరు.

జూలై 22, సోమవారం

ఆ కుర్రాడే మళ్లీ వచ్చాడు. ఈసారి కులం సర్టిఫికెట్. తాతది విజయనగరం వైపు ఊరు, కులం అక్కడ షెడ్యూల్డు జాబితాలో ఉంది. ఇక్కడ పుట్టి ఇక్కడే చదివాడు. "కౌన్సిలర్ గారికి చెబుదాం, కాకపోతే ఎమ్మెల్యేకి" అంటాడు.

కూర్చోబెట్టి చెప్పాను. కులం సర్టిఫికెట్ ఇచ్చేది సబ్ డివిజనల్ ఆఫీసరు, ఎస్.డి.ఓ. ఆయనా జాబితా దాటి ఇవ్వలేడు. జాబితా రాష్ట్రం వారీగా రాష్ట్రపతి ఉత్తర్వు, దాన్ని మార్చగలిగింది పార్లమెంటు ఒక్కటే: 341, 342 అధికరణాలు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన మర్రి చంద్రశేఖరరావు కేసు మన తెనాలి కుర్రాడిదే. తండ్రి బొంబాయిలో కేంద్రప్రభుత్వ సంస్థ ఉద్యోగి. ఆంధ్రలో గిరిజన తెగ, మహారాష్ట్రలో ఆ హోదా చెల్లదన్నారు, మెడికల్ సీటు రాలేదు. వలస వెళ్లినవాడికి సొంత రాష్ట్రపు హోదా వెంట రాదని కోర్టు తీర్పు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఎన్ని ఇళ్లలో ఈ బాధ ఉందో అందరికీ తెలుసు. మరి మేం ముప్పై ఏళ్లుగా అర్జీలు ఇచ్చింది ఎవరికి? కౌన్సిలర్లకి. వాళ్లు మర్యాదగా తీసుకున్నారు. ఏ ఒక్కరూ "ఇది నా చేతిలో లేదు, ఎం.పీ. దగ్గరికి వెళ్లండి" అనలేదు. కుర్రాడు లేచి వెళ్లేటప్పుడు ఎం.పీ. ఆఫీసు ఎక్కడని అడిగాడు.

ఆగస్టు 8, గురువారం

చాచా పోయి ఏడేళ్లు. జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్. కాంగ్రెస్, సిక్కు, ఈ ఊరి నుంచి పదిసార్లు ఎమ్మెల్యే. 1969లో మొదటిసారి. 2016లో దిలీప్ ఘోష్ చేతిలో ఓడేనాటికి తొంభై దాటాయి. సిద్ధార్థ శంకర్ రే మంత్రివర్గంలో మంత్రిగా చేశారు. కానీ 1982 నుంచి 2006 దాకా వరసగా గెలిచిన ప్రతిసారీ రాష్ట్రంలో వామపక్ష ప్రభుత్వం, ఆయన ప్రతిపక్షం బల్ల మీద.

ప్రతిపక్ష ఎమ్మెల్యే ఏం చెయ్యగలడు? పోలీసుని బదిలీ చెయ్యలేడు, ఆసుపత్రికి డాక్టర్ని వెయ్యలేడు. ఈ రెండూ రాష్ట్రప్రభుత్వం పనులే గానీ మంత్రుల చేతిలోవి. సభలో ప్రశ్న వెయ్యగలడు, బడ్జెట్ మీద మాట్లాడగలడు, బిల్లుకి సవరణ అడగగలడు, ఉత్తరం రాయగలడు. ఎమ్మెల్యే ఉత్తరం ఆజ్ఞ కాదు, సిఫార్సు. ఇంత తక్కువ చేతిలో పెట్టుకుని అన్నిసార్లు గెలవడం ఈ ఊళ్లో ఆయన ఒక్కరికే చెల్లింది. తెలుగువాళ్లు, బెంగాలీలు, బీహారీలు, ఒడియాలు కలిసి ఒక సర్దార్జీని చాచా అనుకున్నారు. ఆ రోజులు మళ్లీ వస్తాయని నేననుకోను.

సెప్టెంబరు 15, ఆదివారం

తెలుగుకి బెంగాల్లో అధికార భాష హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. అసెంబ్లీ ఎన్నికలకి కొద్ది నెలల ముందు. ముహూర్తం చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. నేను నవ్వను. రాష్ట్ర భాషలు నిర్ణయించడం 345వ అధికరణం ప్రకారం శాసనసభ అధికారం, ఆ అధికారం ఉన్నచోటికే అర్జీ వెళ్లింది. సరైన తలుపు తడితే ఏమవుతుందో చూపించడానికి ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఎన్నికల వేళ తట్టడం తెలివే.

డిసెంబరు 4, బుధవారం

వర్క్‌షాపు గేటు దగ్గర లైన్లు. రైల్వే యూనియన్ల గుర్తింపు ఎన్నికలు, మూడు రోజులు. రహస్య బ్యాలెట్ 2007లో మొదలైంది, 2013లో మళ్లీ, ఇప్పుడు పదకొండేళ్లకి.

వి.వి. గిరి గుర్తొచ్చారు. బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపి, 1927, 28 సమ్మెల్లో ఈ వర్క్‌షాపు కార్మికుల ముందు నిలబడ్డారు. బరంపురం తెలుగువాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రి, పాతపట్నం ఎం.పీ., కేంద్ర కార్మిక మంత్రి, 1969లో రాష్ట్రపతి. గేటు దగ్గర మొదలుపెట్టి అంత దూరం వెళ్లిన మనిషి ఇంకొకరు కనబడరు.

రైల్వే యాజమాన్యం ఎదురుగా కూర్చుని మాట్లాడే హక్కుని ఓటుతో ఇచ్చే ఎన్నిక ఈ ఊళ్లో ఇదొక్కటే. ఓటర్లు ఉద్యోగులు మాత్రమే. మామ్మకి లేదు, భర్త రిటైరై పోయి చాలాకాలం.

ఆవిడ కాలవ మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. పశ్చిమ బెంగాల్ మునిసిపల్ చట్టం, 1993 ప్రతి వార్డుకీ ఒక వార్డు కమిటీ ఉండాలంటుంది. కౌన్సిలరే దానికి అధ్యక్షులు. రైల్వే వార్డైనా సరే, నేల ఎవరిదైనా సరే. ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లంతా ఈ వారం మీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: మన వార్డు కమిటీలో ఎవరెవరున్నారు, కిందటిసారి ఎప్పుడు కూర్చున్నారు? జవాబు కాయితం మీద రాయించి తీసుకోండి. తెలుగులో అడిగినా ఫరవాలేదు.