తల్లికుక్క లెక్క

రాజపాళయం కుక్క పేరు విననివారు మనలో అరుదు. విరుదునగర్ జిల్లాలోని ఆ ఊళ్ళో మన తెలుగు రాజులు తరతరాలుగా ఉన్నారు. కోవిల్‌పట్టి వైపు వెళితే చిప్పిపారై, కన్ని జాతులు. కన్ని అంటే కన్య. వెనుకటి రోజుల్లో ఆ పిల్లను అమ్మేవారు కాదట. పెళ్ళికూతురి వెంట కానుకగా పంపేవారట.

2005లో రాజపాళయం కుక్క తపాలా బిళ్ళకెక్కింది. 2020లో ప్రధాని రేడియో ప్రసంగంలో ఈ జాతుల్ని మెచ్చుకున్నారు. అడిగేవారు లేకపోతే ఏ జాతీ నిలవదు. కనుక అమ్మకమే తప్పని, కామర్స్ చదివిన నేను అనలేను.

నేను విరుదునగర్‌లో పనిచేస్తుండగా ఒకాయన కుక్కల పెంపకానికి అప్పు కోరుతూ లెక్క తెచ్చారు. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఆరు పిల్లలు. "తల్లి విశ్రాంతి ఏ పద్దులో రాశారండీ?" అన్నాను. ఆయన నవ్వారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఏడాదికి ఒక్క ఈతే. జన్మలో ఐదుకు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అలా తిరగరాస్తే రాబడి సగమైంది. ఆయన కాసేపు ఆలోచించి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంకో ఖర్చుంది. తెల్లరంగు మోజులో దగ్గర రక్తసంబంధంలోనే జతకట్టిస్తే కొన్ని పిల్లలు చెవిటివిగా పుడతాయి. అమ్ముడుపోని వాటిని సాకేదెవరు?

కొనేవాళ్ళం మనమే. ధర అడిగే ముందు తల్లిని చూపించమందాం. చూపించనిచోట కొనకుండా ఉందాం.