నివురుగప్పిన నిప్పు

టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి పెరటిలో ఇనుప పొగపొయ్యి ఉంది. ఓక్ కట్టెల సెగపై మాంసాన్ని 10, 12 గంటలు మగ్గించడం అక్కడి సంప్రదాయం. మరునాడు బూడిద తీయడానికి అతడు వాక్యూమ్ క్లీనర్ తేగా, నేను వారించి పుల్లతో కదిపి చూపాను. అడుగున నిప్పుకణిక ఎర్రగా మెరిసింది.

బూడిద వేడిని బయటకు పోనీయదు. గాలిని అంతగా లోపలికి రానీయదు. అందుకే నిప్పు రోజుల తరబడి నిలువగలదు. యంత్రం పీల్చే గాలి దానికి కొలిమితిత్తి వంటిది, దుమ్ముసంచి అంటుకుంటుంది. చల్లారిన బూడిదైనా, సన్నని రేణువులు సామాన్య వడపోతను దాటి మోటారును పాడుచేస్తాయి. పూర్తిగా చల్లారాక పారతో ఎత్తి, మూతగల లోహపాత్రలో వేయడమే క్షేమం.

‘నివురుగప్పిన నిప్పు’ అనే జాతీయాన్ని తరగతిలో పగకూ, ప్రతిభకూ ఉపమానంగా బోధిస్తాం. పొయ్యి రాజేసిన మన తల్లులకు అది నిత్యం పాటించిన జాగ్రత్త.