తొక్కగానే కదలాలి!

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మెరిట్ పార్క్‌వే అనే పాత రహదారి ఒకటుంది. 1930ల్లో కట్టారు. రెండువైపులా చెట్లు, ఒకదానితో ఒకటి పోలని వంతెనలు... లారీల రొద కూడా ఉండదు, వాటికి ప్రవేశం లేదు కాబట్టి. చూసి మురిసిపోవడానికి బాగానే ఉంటుందిగానీ, దానిమీదికి ఎక్కడమే కష్టం. ఇప్పటి హైవేలకైతే పక్కన పొడవాటి దారి ఉంటుంది. అందులో వేగం పుంజుకుని ట్రాఫిక్‌లో కలిసిపోవచ్చు. మెరిట్‌కి చాలాచోట్ల ఆ దారి మరీ పొట్టి. కొన్నిచోట్ల చివర్న 'స్టాప్' బోర్డు కూడా ఉంటుంది. అక్కడ బండి పూర్తిగా ఆపాలి. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే కార్ల మధ్య ఖాళీ చూసుకుని, సున్నా నుంచి మొదలుపెట్టి వాటితో సమానంగా పరుగందుకోవాలి.

మార్కాపురం నుంచి వెళ్లి స్టాంఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఓ యువకుడి కుటుంబానికి రోజూ అదే దారి. అతని కారు 2004 నాటి సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. రెండు లీటర్ల టర్బో ఇంజిను, 227 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ శక్తి. ఇంటర్ చదివే రోజుల్లో నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన ర్యాలీ గేముల్లో నీలంరంగు సుబారు మీద పుట్టిన మోజు అది. ఉద్యోగంలో కుదురుకున్నాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వారంలో మూడు రోజులు భార్య నడుపుతుంది. వెనకసీట్లో నాలుగేళ్ల పాప.

ఓ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, తాళాలు బల్లమీద పెట్టి అంది... ''నీ కారు తొక్కగానే పోదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాక పోతుంది. ఆలోపు వెనకొచ్చేవాడు హారన్ కొట్టేస్తున్నాడు. పాపని కూర్చోబెట్టుకుని ఇది నా వల్ల కాదు.''

అతనికి బాధేసింది. కానీ ఆ బాధ అడుగున కొంచెం సంతోషం కూడా ఉంది. పెద్ద టర్బో వేయించాలన్నది ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక మరి! ఇప్పుడు ఇంట్లో అనుమతి దొరికినట్టే కదా. అయితే పెద్ద టర్బో వస్తే ఆమె లెక్క మూడు నుంచి నాలుగుకి పోతుంది. అదీ అసలు చిక్కు.

టర్బో అంటే కమ్మరి కొలిమి దగ్గరుండే తిత్తి లాంటిది. తిత్తి ఊదితే నిప్పు రాజుకున్నట్టే, ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపితే మరింత పెట్రోలు మండించొచ్చు. కాకపోతే ఈ తిత్తిని తొక్కడానికి మనిషి ఉండడు. ఇంజిన్లోంచి బయటికి పోయే వేడి పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండోవైపున్న చక్రం బయటి గాలిని లోపలికి నెడుతుంది. ఈ ఇరుసు జోరుమీద ఉన్నప్పుడు నిమిషానికి లక్ష చుట్లు దాటేస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు.

పొగ జోరుగా రావాలంటే ఇంజిన్ బలంగా తిరగాలి. ఇంజిన్ బలంగా తిరగాలంటే టర్బో గాలి పంపాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదన్నట్టు! ఆ రెండూ కుదిరేదాకా పట్టే సమయాన్నే 'ల్యాగ్' అంటారు. దీని పక్కనే ఇంకోటుంది. ఇంజిన్ ఫలానా చుట్లకి రాకముందు ఎంత తొక్కినా టర్బో పలకదు, ఎందుకంటే చక్రం తిప్పేంత పొగే ఉండదు. మనదగ్గర చిన్న డీజిల్ కార్లు నడిపినవాళ్లకి ఇది బాగా తెలుసు. 2000 చుట్లలోపు నిద్రపోతున్నట్టుండి, అది దాటగానే వీపుమీద చరిచినట్టు లేస్తాయవి. ఘాట్‌రోడ్డు మలుపులో గేరు తగ్గించకపోతే ఏమవుతుందో ఒకసారి అనుభవమైతే మర్చిపోరు.

చిన్న తిరగలి ఒంటిచేత్తో గిర్రున తిరుగుతుంది. పెద్దదాన్ని కదిలించడానికే బలం కావాలి, కదిలాక మాత్రం పిండి బాగా పడుతుంది. టర్బో కూడా అంతే. చక్రం పెద్దదైతే చివర్లో శక్తి ఎక్కువ, మొదట్లో ఆలస్యం ఎక్కువ.

కార్ల కంపెనీలు కూడా దీంతో కుస్తీపట్టినవే. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బోకి 170 హార్స్‌పవర్. ముందుపోయేవాడు అద్దంలో చూసి పక్కకి తప్పుకోవాలని బంపరు కింద 'టర్బో' అన్న పేరుని తిరగేసి రాశారు! అంత ఆర్భాటంగా వచ్చిన బండి, తొక్కిన కాసేపటికిగానీ అందుకోదన్న పేరు తెచ్చుకుంది. ఆపైన చమురు సంక్షోభం. 1,672 కార్లతో సరిపెట్టేశారు. ఆ తర్వాత స్వీడన్‌కి చెందిన సాబ్ కంపెనీ వేరే దారి పట్టింది. 1977లో చూపించిన 99 టర్బోలో కావాలనే చిన్న టర్బో పెట్టింది. ఒత్తిడి మితిమీరితే పొగని పక్కకి వదిలేసే వేస్ట్‌గేట్ అమర్చింది. 145 హార్స్‌పవరే అయినా రోజూ నడిపే వేగాల్లో పని చేసేది. కార్లలో టర్బో సంసారపక్షంగా మారిందంటే ఆ కారు పుణ్యం చాలా ఉంది. జపాన్ మాజ్దా 1990ల్లో ఆర్ఎక్స్-7కి రెండు టర్బోలు పెట్టింది. ఒకటి తక్కువ చుట్ల దగ్గరే మొదలవుతుంది, రెండోది 4500 దగ్గర తోడవుతుంది. ఆలోచన గొప్పదే. ఇంజిన్ చుట్టూ అల్లుకున్న సన్నటి వాక్యూమ్ గొట్టాలు చూస్తే మాత్రం మెకానిక్కులకి చెమటలు పట్టేవి.

మన యువకుడు ఓ శనివారం కారుని షెడ్డుకి తీసుకెళ్లాడు. మనసులో ఉన్నది 20జీ అనే పెద్ద టర్బో. తగిన ఇంజెక్టర్లూ, పంపూ, ట్యూనింగూ తోడైతే 300 హార్స్‌పవర్‌ని అలవోకగా దాటిస్తుందది. మెకానిక్ పెద్దాయన అంతా విని ఒకటే అడిగాడు... ''రోజూ ఇంజిన్‌ని ఎన్ని చుట్ల దగ్గర నడుపుతారు మీరు?''

తెలీదు. తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. కారు కంప్యూటర్‌కి తీగ తగిలించి భార్యాభర్తలిద్దరి ప్రయాణాలూ రికార్డు చేశాడు. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, ఎక్సెల్‌లో రంగురంగుల బొమ్మలు కూడా గీశాడు. తేలిందేమంటే, ఎక్కువ సమయం 2000 నుంచి 3800 మధ్యే. 20జీ అసలు బలం చూపించేదేమో, రెండు లీటర్ల ఇంజిన్ మీద, 4000 దగ్గరపడ్డాకే! అంటే అన్ని డాలర్లు పోసి కొన్నది ఆమె రోజూ నడిపే చోట ఉండనే ఉండదు. పైగా ఈ ఇంజిన్ కంప్రెషన్ 8:1. టర్బో ఒత్తిడికి తట్టుకోవాలని తక్కువ పెట్టారు. దానివల్ల టర్బో పలికేలోపు ఇంజిన్ మామూలు రెండు లీటర్ల కారు కంటే నీరసంగా ఉంటుంది.

షెడ్డువాళ్లు హార్స్‌పవర్ అంకెని పెద్దక్షరాల్లో రాస్తారు. ఆ అంకె 6000 చుట్ల దగ్గర ఒక్క క్షణం కనబడేది. కింద 2500 నుంచి 4500 దాకా గీత ఎంత ఎత్తులో ఉందన్నదే రోడ్డుమీద తిండిపెట్టేది. ఆ సంగతి కొనేవాళ్లలో చాలామంది అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

మెకానిక్ మరో పని చేశాడు. ఇంజిన్ ఆపి, గాలిగొట్టాల్లోకి బయటినుంచి ఒత్తిడి పంపి, సబ్బునీళ్లు చల్లాడు. సైకిల్ ట్యూబు పంక్చరు వెతికినట్టన్నమాట. ఇంటర్‌కూలర్ దగ్గర రబ్బరు గొట్టం చీలి బుడగలొచ్చాయి. టర్బో కష్టపడి నింపుతున్న గాలి అక్కడ కారిపోతోంది. ఆమె లెక్కపెట్టిన మూడులో సగం ఈ చీలికదే! టర్బో విప్పి ఇరుసుని వేళ్లతో ఊపితే అది కూడా వదులైంది. ఇరవయ్యేళ్ల బండి, బేరింగులు అరిగాయి. కాబట్టి టర్బో ఎలాగూ మార్చాల్సిందే. ప్రశ్నల్లా, ఏది?

మిగిలింది రెండు దారులు. ఒకటి, కంపెనీవాళ్లు పెట్టిన టీడీ04 రకమే కొత్తది. రెండోది, 2004లో అమెరికాకొచ్చిన ఎస్టీఐ మోడల్లో ఉన్న వీఎఫ్39. డబ్ల్యూఆర్ఎక్స్‌లో పెద్దగా కోతలూ అతుకులూ లేకుండా కూర్చుంటుంది. పై చుట్లలో బాగా ఊపిరి పోస్తుంది. కానీ ఎస్టీఐ ఇంజిన్ రెండున్నర లీటర్లు. ఎక్కువ పొగ ఇస్తుంది కాబట్టి ఆ టర్బో అక్కడ త్వరగా లేస్తుంది. అదే రెండు లీటర్ల మీదకొస్తే కొన్ని వందల చుట్లు ఆలస్యం.

మార్కాపురంలో ఉన్న తండ్రి ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఫోన్లో అంతా విన్నాడు. ''శ్రీశైలం ఘాట్‌లో అరవై మందితో ఆగిపోయిన బస్సుని మళ్లీ లేపాలంటే కింద బలం కావాలిరా. పైన ఎంతుంటే ఏం? నీ సంగతి పక్కనబెట్టు, కోడలు ఏమంటోంది?'' అన్నాడు.

కోడలు ఏమీ అన్లేదు, నడిపి చూస్తానంది. వీఎఫ్39 వేయించుకున్న స్నేహితుడి డబ్ల్యూఆర్ఎక్స్ ఓ ఆదివారం తీసుకుని అదే స్టాప్ బోర్డు దగ్గర రెండుసార్లు ఎక్కి చూసింది. భర్త పక్కసీట్లో. ''మూడో గేరులో అదిరిపోయింది. మొదటి గేరులో మాత్రం ఖాళీగా ఉంది. నాక్కావాల్సింది మొదటి గేరు'' అంది దిగుతూ. ఎక్సెల్ బొమ్మలన్నీ చెప్పిందీ అదే.

కొత్త టీడీ04 వేశారు. గొట్టం మార్చారు. 93 ఆక్టేన్ పెట్రోలుకి తగ్గట్టు కంప్యూటర్ ట్యూనింగ్ చేయించారు. ఒత్తిడి ముందుగా అందేలా సర్దారు. పొగగొట్టంలో ఉత్ప్రేరకం తీసేస్తే ఇంకా త్వరగా లేస్తుందని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడుగానీ, అక్కడ అది చట్టవిరుద్ధం. కనెక్టికట్‌లో రెండేళ్లకోసారి పొగ పరీక్ష కూడా ఉంటుంది. ఆ మాట అక్కడితో వదిలేశారు. పెద్ద ఇంజెక్టర్లూ, గట్టి క్లచ్చూ కొనాల్సిన అవసరం తప్పింది. ఇప్పుడు 2500 దాటాక కారు ఇదివరకటికంటే చురుగ్గా అందుకుంటోంది. 5500 తర్వాత మాత్రం ఎప్పట్లాగే ఆయాసపడుతుంది. హైవేమీద స్నేహితుడి కారు చెయ్యి ఊపుతూ దాటిపోయినప్పుడల్లా అతనికి కాస్త చురుక్కుమంటుంది. దాచుకోడు కూడా.

తండ్రి ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందడిగేది, ''ఆపేముందు ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచుతున్నారా?'' అనే. వేడిమీదున్న టర్బోని ఠక్కున ఆపితే నూనె మాడి బేరింగులు పోతాయన్నది డిపోలో నేర్చుకున్న పాఠం. ఈ టర్బోని నీళ్లు కూడా చల్లబరుస్తాయనీ, జోరుగా నడిపినప్పుడు తప్ప అంత అక్కర్లేదనీ కొడుకు ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోడు. కోడలు మాత్రం మామగారి మాట వింటుంది. ఇంటిముందు కారాపి, పాప రైమ్ ఒకటి పాడటం పూర్తయ్యేదాకా ఇంజిన్ నడవనిచ్చి, అప్పుడు తాళం తీస్తుంది.